ఒకే ఏడాదికి రెండు పేర్లు

ఒసాకాలోని అబెనొబాషి స్టేషన్‌లో లిమిటెడ్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే గంటా పావులో యోషినో వస్తుంది. అదే ఆఖరి స్టేషన్, పట్టాలు అక్కడితో సరి. ఎదురుగా కొండ. ఓపిక ఉన్నవాళ్లు మలుపుల దారిన నడిచి ఎక్కుతారు. లేనివాళ్ల కోసం 1929లో వేసిన రోప్‌వే ఉంది, జపాన్‌లో ఇప్పటికీ మిగిలిన రోప్‌వేల్లో అదే పాతది. పైకి చేరాక ఊరంటే ఒక్కటే వీధి. కొండ వెన్ను మీద పొడవునా సాగిపోతుంది. రెండు పక్కలా ఇళ్లు, ఇళ్ల వెనక లోయ. వీధిలోంచి ఒక్క అంతస్తులా కనపడే ఇల్లు లోయవైపు నుంచి చూస్తే రెండు మూడు అంతస్తులు కిందికి దిగి ఉంటుంది. ఆ దుకాణాల్లో ఖర్జూరం రంగు పెట్టెల్లో చేదు కడుపుమందు ‘దరనిసుకె’, తీగదుంప నుంచి తీసిన ‘కుజు’ పిండితో చేసిన తీపి వంటకాలు, పెర్సిమన్ ఆకులో పొట్లం కట్టిన అన్నం అమ్ముతారు. ఆ పొట్లం విప్పితే బొటనవేలంత అన్నం ముద్ద మీద ఉప్పు పట్టించిన చేప ముక్క ఉంటుంది. సముద్రం చాలా దూరం కాబట్టి చేపకు ఉప్పు, పైన ఆకు. కొండవాళ్ల తెలివి.

ఏప్రిల్‌లో ఇక్కడికి జనం పోటెత్తేది చెర్రీ పూల కోసం. సుమారు 30,000 చెట్లని అంటారు. కింది వెయ్యి, నడిమి వెయ్యి, పై వెయ్యి, లోపలి వెయ్యి అని కొండను నాలుగు వాటాలుగా పిలుస్తారు. పూత కింద మొదలై, ఒక్కో వాటా దాటుకుంటూ నెలాఖరుకు శిఖరం చేరుతుంది. ఎక్కువభాగం అడవి చెర్రీ. పువ్వుతో పాటే చిగురూ వస్తుంది, అచ్చం మన మామిడి చిగురు రంగు. నగరాల్లో పార్కుల నిండా కనపడే ‘సొమెయ్ యోషినో’ రకం ఈ కొండది కాదు. అది తోక్యో నర్సరీల్లో పుట్టి ఈ ఊరి పేరు అరువు తెచ్చుకుంది. ఇక్కడి చెట్లు నాటింది తోటమాలులు కాదు, యాత్రికులు. ఎన్ నో గ్యోజా అనే సిద్ధుడు ఈ కొండల్లో తపస్సు చేసి, తనకు కనిపించిన జావో గోంగెన్ అనే ఉగ్రదేవత రూపాన్ని చెర్రీ కొయ్యలో చెక్కాడని నమ్మకం. అప్పటినుంచి చెర్రీ ఇక్కడ దేవుడి చెట్టు. మొక్కుకున్నవాళ్లు మొక్క నాటి వెళ్లేవాళ్లు. వెయ్యేళ్లకు పైగా నాటుతూ వచ్చిన మొక్కులే ఈ అడవి.

ఈ కొండకు ఒక రాజు పారిపోయి వచ్చాడు. పూలు చూడటానికి కాదు, అప్పుడు చలికాలం. 1336లో, వాళ్ల చాంద్రమానం ప్రకారం పన్నెండో నెల ఇరవై ఒకటో రోజున, క్యోటోలో తనను ఉంచిన భవనం నుంచి తప్పించుకుని గోదైగో చక్రవర్తి దక్షిణానికి బయలుదేరి ఇక్కడ చేరాడు. రాజధానిలో అప్పటికే ఇంకో చక్రవర్తి గద్దె మీదున్నాడు. అప్పటినుంచి 1392 దాకా జపాన్‌లో ఇద్దరు చక్రవర్తులు, రెండు కొలువులు (క్యోటోది ఉత్తర కొలువు, యోషినోది దక్షిణ కొలువు), రెండు కాలగణనలు. క్యోటోలో కెన్ము 4 అని రాసిన ఏడాదిని యోషినోలో ఎంగెన్ 2 అని రాశారు.

ఆ కాలగణన సంగతి కొంచెం చెప్పాలి. మనకు ప్రభవ నుంచి అక్షయ దాకా అరవై పేర్లున్నాయి. ఎవరు గద్దెనెక్కినా, ఎవరు దిగినా ఆ వరుస మారదు. జపాన్‌లో ఏడాదికి పేరు పెట్టే హక్కు చక్రవర్తిది. 701 నుంచి నేటిదాకా ఆ వరుస తెగలేదు. 2019 మే 1న మొదలైన ‘రెయ్‌వా’ కూడా అందులోదే. ఇప్పుడు ఒక చక్రవర్తికి ఒకటే పేరు. ఆ రోజుల్లో అలా కాదు. కొత్త రాజు వచ్చినా, భూకంపం వచ్చినా, తోకచుక్క కనపడినా, అంటురోగాలు పెరిగినా పేరు మార్చి లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టేవాళ్లు. వాళ్లకూ అరవై ఏళ్ల చక్రం ఉంది. అందులో 58వ ఏడు తిరుగుబాట్లు తెస్తుందని భయం. ఆ భయంతోనే 1321లో గోదైగో పేరు మార్పించాడు. ఆస్థాన పండితులు చైనా ప్రాచీన గ్రంథాలు తిరగేసి రెండేసి అక్షరాల పేర్లు ఏరి ఇచ్చేవాళ్లు. కొలువులో పెద్దలు కూర్చుని ఒక్కో పేరునూ తప్పుపట్టడం, సమర్థించడం ఒక పద్ధతి ప్రకారం సాగేది. ఏ అక్షరం ఏ చెడ్డరోజుల్లో వాడారు, ఎవరికి అచ్చిరాలేదు అని తవ్వి తీసేవాళ్లు. మన ఇళ్లల్లో బిడ్డ పేరు మీద జరిగే చర్చ రాజసభలో జరిగినట్టు ఉంటుంది.

గోదైగోకు పేర్ల మీద ఉన్న పట్టింపు మామూలుది కాదు. చక్రవర్తులకు చనిపోయాక పేరు పెట్టడం ఆచారం. ఆయన తన పేరు బతికుండగానే ఎంచుకున్నాడు. నాలుగు వందల ఏళ్ల కింద దైగో అనే చక్రవర్తి, ఆయన కొడుకు మురకామి రాజప్రతినిధుల పెత్తనం లేకుండా పాలించారని కొలువులో గొప్పగా చెప్పుకునేవాళ్లు. ‘గో’ అంటే తర్వాతి. నేను రెండో దైగోని అన్నాడాయన. కొడుకు గోమురకామి అయ్యాడు. ఏ కాలాన్ని తిరిగి తేవాలనుకున్నాడో ఆ పేర్లలోనే ఉంది.

అడ్డం ఉన్నది కమకురాలోని షోగున్ ప్రభుత్వం. దేశాన్ని నడిపేది వాళ్లు. రాజవంశంలో రెండు శాఖలుంటే వంతులవారీగా గద్దె ఎక్కించేదీ వాళ్లే. 1318లో పట్టం కట్టుకున్న గోదైగో వాళ్లను కూలదోయాలని చూశాడు. కుట్ర 1331లో బయటపడింది. మరుసటేడు ఆయన్ని ఓకి దీవులకు పంపేశారు. అప్పుడు యోషినో పేరు మొదటిసారి ఈ కథలోకి వస్తుంది. ఆయన కొడుకు మొరియోషి యువరాజు ఇక్కడి సన్యాసి సైనికుల్ని కూడగట్టి కొండను కోటగా మార్చాడు. 1333లో షోగున్ సైన్యం కొండెక్కింది. ఓటమి ఖాయమయ్యాక యువరాజు జావో గుడి ముందు ముంగిట్లో తనవాళ్లతో ఆఖరి మద్యం తాగాడని కథ. ఆ చోట ఇప్పుడు నాలుగు చెర్రీ చెట్లు, చుట్టూ రాతి కంచె. మురకామి యోషితెరు అనే అనుచరుడు యువరాజు కవచం తొడుక్కుని, నేనే యువరాజునని అరిచి, ద్వారం మీద నుంచి అందరూ చూస్తుండగా కడుపు చీల్చుకున్నాడు. యువరాజు వెనకదారిన తప్పించుకున్నాడు. ఆ ఏడే గోదైగో దీవి దాటి బయటపడ్డాడు. అణచడానికి వచ్చిన సేనాపతి అషికగ తకాఉజి ఆయన పక్షాన చేరిపోయాడు. నిత్తా యోషిసదా కమకురాను కాల్చాడు. నూటయాభై ఏళ్ల షోగున్ ప్రభుత్వం కూలిపోయింది.

1334 మొదటి నెలలో కొత్త ఏడాదికి ‘కెన్ము’ అని పేరు పెట్టారు. చైనాలో కూలిన హాన్ వంశాన్ని మళ్లీ నిలబెట్టిన గువాంగ్‌వు చక్రవర్తి తన కాలానికి పెట్టుకున్న పేరే అది. నేనూ నిలబెట్టానని చెప్పడం. రెండో అక్షరానికి యుద్ధమని అర్థం.

రాజుగా గోదైగో చేసినవి ఎక్కువ తప్పులేనని నా అభిప్రాయం. భూమి ఎవరిదైనా దాని హక్కు నా ఆజ్ఞాపత్రంతోనే చెల్లుతుందన్నాడు. దేశం నలుమూలల నుంచి భూస్వాములు, సిపాయిలు పాత కాగితాలు మూటకట్టుకుని క్యోటోకు పరుగెత్తారు. ఆ ఆజ్ఞాపత్రాల కాగితం ఇప్పటికీ ప్రదర్శనశాలల్లో గుర్తుపట్టొచ్చు. వాడేసిన కాగితాల్ని నానబెట్టి, దంచి, మళ్లీ పోసిన కాగితం అది. పాత సిరా పూర్తిగా పోక బూడిద రంగు తేలి ఉంటుంది. దాని మీద కొత్త సిరాతో రాజు మాట. ఎవరి పాత రాతలో కరిగి ఎవరి కొత్త హక్కో. పత్రాలు ఎన్ని ఇచ్చారంటే ఒకే పొలానికి ఇద్దరు హక్కుదారులు తేలారు. దొంగ పత్రాలు పుట్టుకొచ్చాయి. నిజో దగ్గర నది ఒడ్డున ఎవరో దాని మీద ఎగతాళి రాసి పెట్టిపోయారు. దీనికి తోడు కొత్త రాజభవనం కట్టడానికి భూస్వాముల రాబడిలో ఇరవయ్యో వంతు పన్ను. కొత్త నాణేలు, కాగితం డబ్బు తెస్తామని ప్రకటన. యుద్ధం చేసినవాళ్లకు దక్కింది తక్కువ.

ఈ హడావుడి మధ్యలో ఆయన కూర్చుని ఒక పుస్తకం రాశాడు. కొలువులో ఏడాది పొడుగునా ఏ రోజు ఏ వేడుక ఎలా జరగాలో చెప్పే ‘కెన్ము నెంజూ గ్యోజి’. పండితుల చైనా భాషలో కాదు, మామూలు జపనీస్ అక్షరాల్లో. కొలువు ఏడాది మొదలయ్యేది ఒకటో తేదీ తెల్లవారుజామున. ఇంకా చీకటి ఉండగానే చక్రవర్తి అంతఃపురం తూర్పు ముంగిట్లోకి వస్తాడు. సప్తర్షి మండలంలో తను పుట్టిన ఏడుకు చెందిన నక్షత్రం పేరు ఉచ్చరిస్తాడు. తర్వాత ఆకాశానికి, భూమికి, నాలుగు దిక్కులకు, పూర్వీకుల సమాధుల వైపుకు మొక్కుతాడు. ఏడో తేదీన గుర్రాల ఊరేగింపు, చూస్తే ఏడాదంతా కీడు తగలదని. ఆఖరి రాత్రి దయ్యాల్ని తరమడం. చాలా వేడుకలు అప్పటికే తగ్గిపోయాయి, కొన్ని ఆగిపోయాయి. అవి మళ్లీ జరగాలని, జరిపేవాళ్లకు తెలియాలని రాశాడు. కాలానికి పేరు పెట్టడమే కాదు, ఆ పేరు కింద ప్రతి రోజూ ఎలా గడవాలో కూడా తన చేత్తో రాసిపెట్టిన మనిషి. నాకు ఈయన మీద మమకారం పుట్టింది ఈ పుస్తకం దగ్గరే.

ఆయన పాలన ఎక్కువకాలం నిలవలేదు. 1335లో తకాఉజి తూర్పున ఒక తిరుగుబాటు అణచడానికి వెళ్లి తిరిగి రాలేదు, ఎదురు తిరిగాడు. 1336లో యుద్ధం క్యోటోలోకే వచ్చింది. ఆ రెండో నెలలో గోదైగో కెన్ము పేరు తీసేసి ‘ఎంగెన్’ అని పెట్టాడు. తకాఉజి పక్షం ఒప్పుకోలేదు, కెన్ము అనే రాసుకుంది. ఏడాది రెండుగా చీలింది అక్కడే. మినతొగవ యుద్ధంలో రాజుకు అండగా నిలిచిన కుసునోకి మసషిగె చనిపోయాడు. గోదైగో లొంగిపోయి రాజచిహ్నాలైన అద్దం, కత్తి, మణి అప్పగించాడు. తర్వాత యోషినో చేరి, నేనిచ్చినవి నకిలీవి, అసలువి నా దగ్గరే ఉన్నాయని ప్రకటించాడు.

వీధి మధ్యలో పక్కకు దిగితే యోషిమిజు ఆలయం. అప్పట్లో అది కొండగుడి సన్యాసుల మఠం. 1875లో షింతో ఆలయంగా మార్చారు. రాజు మొదట దిగింది ఇక్కడే. ఆయన కూర్చున్న గది అని చూపిస్తారు. ఇప్పుడున్న బంగారు తెరల సొగసు తర్వాత కాలానిది. 1594లో 5,000 మందిని వెంటేసుకుని పూలు చూడటానికొచ్చిన తొయొతొమి హిదెయోషి విడిది చేసింది కూడా ఇక్కడే. అయితే గది కంటే నన్ను కదిలించేది బయట ఉన్న చిన్న ద్వారం. ఉత్తరం వైపు ద్వారం. రాజు ఇక్కడ నిలబడి క్యోటో వైపు తిరిగి మొక్కేవాడని చెప్తారు. రాజధాని సుమారు 70 కిలోమీటర్లు. మధ్యలో కొండలు, ఏమీ కనపడదు.

ఆ తర్వాత జావో గుడి పక్కనున్న ఒక మఠాన్ని రాజభవనమన్నారు. అక్కడ కొలువు నడిచింది. పదవులిచ్చారు, పట్టాలిచ్చారు, కొడుకుల్ని ఒక్కొక్కణ్ని ఒక్కో దిక్కుకు పంపారు. పాలించడానికి నేల తక్కువే, కానీ ప్రతి పత్రం చివర ఎంగెన్ అని ఉండేది. దూరాన ఏ కోటలో ఉన్న సేనానైనా ఉత్తరం చివర కెన్ము అని రాస్తే ఒక పక్షం, ఎంగెన్ అని రాస్తే ఇంకో పక్షం. ఇప్పటికీ చరిత్రకారులు ఆ కాలపు పత్రం చేతికొస్తే ముందు చూసేది తేదీనే. ఒకే మనిషి రెండు మూడేళ్ల తేడాలో పేరు మార్చి రాసి ఉంటే మధ్యలో ఎటు ఫిరాయించాడో తెలిసిపోతుంది. ఇక్కడి ఊరివాళ్లు సెదర్ కొయ్యతో పుల్లలు చేసి రాజుకు భోజనానికి సమర్పించారని, యోషినో చాప్‌స్టిక్స్ పుట్టుక అదేనని స్థానిక కథ. అవి ఇప్పటికీ ఇక్కడ తయారవుతున్నాయి.

1339 ఎనిమిదో నెలలో జబ్బుపడ్డాడు. చనిపోయే ముందురోజు గోమురకామికి పట్టం ఇచ్చాడు. వయసు యాభై నిండి ఒకటి నడుస్తోంది. ఎడమచేత సద్ధర్మ పుండరీక సూత్రం ఐదో సంపుటి, కుడిచేత కత్తి పట్టుకుని ప్రాణం విడిచాడని ‘తైహెయికి’ అనే యుద్ధగాథ చెప్తుంది. ఊరికి ఎదురు కొండ మీద న్యోఇరిన్‌జి అనే గుడి, గుడి వెనక మెట్లు, మెట్ల పైన దేవదారుల మధ్య సమాధి. చక్రవర్తుల సమాధులు మామూలుగా దక్షిణం చూస్తాయి. ఇది ఉత్తరం చూస్తుంది.

ఆయన్ని గద్దె దింపిన తకాఉజి క్యోటోలో కలత పడ్డాడు. ఈయన ఆత్మ శాంతించాలని, గోదైగో చిన్నప్పుడు పెరిగిన భవనం చోట ముసో సొసెకి అనే జెన్ గురువు చేత ఒక గుడి కట్టించాడు. దానికి మొదట అనుకున్న పేరు అప్పటి ఉత్తర కొలువు ఏడాది పేరు, ర్యకుఓ. చనిపోయిన మనిషి జీవితాంతం ఒప్పుకోని పేరునే ఆయన గుడికి పెట్టబోయారు. ఏడాది పేరుతో గుడి ఉండే గౌరవం తమదేనని హియెయ్ కొండ సన్యాసులు అడ్డం తిరగడంతో తెన్‌ర్యూజి అని మార్చారు. కట్టడానికి డబ్బు చాలక చైనాకు వర్తకం ఓడ పంపారు. క్యోటో వెళ్లే పర్యాటకులందరూ చూసే తోట ఆ గుడిదే.

న్యోఇరిన్‌జిలో ఒక పాత తలుపు భద్రంగా ఉంది. 1347 పన్నెండో నెల చివర్లో, మినతొగవలో చనిపోయిన మసషిగె కొడుకు మసత్సుర, ఆఖరి యుద్ధానికి పోతూ గోదైగో సమాధికి మొక్కడానికి వచ్చాడు. వెంట 143 మంది. జుట్టు కత్తిరించి గుడిలో ఉంచారు. పేర్లు రాశారు. మసత్సుర బాణం ములికి పట్టుకుని తలుపు కొయ్య మీద వీడ్కోలు కవిత గీకాడని గుడివాళ్లు చూపిస్తారు. కుంచె కాదు, ఇనప మొన. పది రోజులు తిరగక ముందే షిజొనవతె దగ్గర చనిపోయాడు. గెలిచిన సేనాపతి కో నో మొరొనవో 1348 మొదటి నెలలో కొండెక్కి రాజభవనాన్ని, జావో గుడిని కాల్చేశాడు. ఇప్పుడున్న గుడి 1592లో పూర్తయింది. 34 మీటర్ల ఎత్తు. లోపల ముగ్గురు జావో గోంగెన్‌లు నీలి దేహాలతో, ఒక కాలు పైకెత్తి నిలబడి ఉంటారు. శాక్యముని, వేయి చేతుల అవలోకితేశ్వరుడు, రాబోయే మైత్రేయుడు ఈ రూపాల్లో వచ్చారంటారు. భూత, వర్తమాన, భవిష్యత్తులన్నమాట. ఆ విగ్రహాల తెర ఎప్పుడూ తీసి ఉండదు, కొన్ని వారాలకే తీస్తారు. గుడి స్తంభాలు చెక్కి నునుపు చేసినవి కావు, అడవిలో పెరిగిన చెట్టు పెరిగినట్టే నిలబెట్టారు. వంపు ఉంటే వంపుతోనే.

కొలువు ఇంకా లోపలి కొండల్లోని అనోకు, తర్వాత ఇంకెక్కడెక్కడికో తిరిగింది. ఏడాదుల పేర్లు మాత్రం ఆగలేదు. కొకొకు, షోహెయ్, కెంతొకు అంటూ సాగాయి. 1351లో తకాఉజి తన తమ్ముడితో పోరులో దిక్కుతోచక దక్షిణ కొలువుకు లొంగినప్పుడు క్యోటో కూడా కొన్ని నెలలు షోహెయ్ 6 అని రాసింది. దేశమంతటా ఒకే పేరు. 1352లో అది తెగిపోయింది. దక్షిణంవాళ్లు క్యోటోలోకి దూరి ఉత్తరపు మాజీ రాజులు ముగ్గుర్ని పట్టుకుని అనోకు తీసుకుపోయారు. క్యోటో పక్షం రాజచిహ్నాలు లేకుండానే ఇంకొకరికి పట్టం కట్టింది.

ఓడిపోతున్నవాళ్లు రాసుకున్న పుస్తకం ఒకటుంది. గోదైగో కొడుకుల్లో కవి అయిన మునెనగ యువరాజు ఏళ్ల తరబడి తూర్పు కొండల్లో యుద్ధాలు చేసి, ముసలితనంలో దక్షిణ కొలువువాళ్ల కవితలన్నీ పోగేసి 1381లో ‘షిన్‌యో వకషూ’ కూర్చాడు. చక్రవర్తి ఆజ్ఞతో కవితా సంకలనం తేవడం కొలువు లక్షణం. క్యోటో సంకలనాల్లో వీళ్ల గొంతులకు చోటు లేదు. పద్నాలుగు వందలకు పైగా కవితలు ఆ పుస్తకం వల్లే మిగిలాయి.

1392లో గోదైగో మనవడు గోకమెయామ క్యోటోకు బయలుదేరాడు. తకాఉజి వంశపు మూడో షోగున్ యోషిమిత్సు మాటిచ్చాడు, ఇకపై రెండు శాఖలూ వంతులవారీగా గద్దె ఎక్కుతాయని. ఆ ఏడు పదో నెలకు అధికమాసం వచ్చింది. ఆ అధికమాసం ఐదో రోజున రాజచిహ్నాలు ఉత్తరపు చక్రవర్తి గోకొమత్సు చేతికి చేరాయి. దక్షిణపు లెక్కలో అది గెంచూ 9. గెంచూ 10 లేదు.

మాట నిలబెట్టుకోలేదు. ఇప్పటి రాజవంశం ఉత్తర శాఖ సంతానమే. అయినా 1911లో బడి పుస్తకాల్లో రెండు కొలువులనూ సమానంగా రాశారని దేశంలో పెద్ద గొడవ జరిగి, దక్షిణ కొలువే అసలైనదని మెయ్‌జీ చక్రవర్తి పేరుతో తేల్చారు. తన పూర్వీకుల్ని కాదని, ఈ కొండ మీదున్నవాళ్లనే వరుసలో లెక్కపెట్టారు. చరిత్ర పట్టికల్లో ఈ యాభై ఆరేళ్లకు ఇప్పటికీ రెండు వరుసల్లో పేర్లు అచ్చువేస్తారు.

గద్దె తన శాఖకు రాదని అర్థమయ్యాక, 1410లో గోకమెయామ క్యోటో వదిలి వచ్చేశాడు. రాజచిహ్నాలు లేవు, కొలువు లేదు, పెట్టుకోవడానికి ఏడాది పేరు లేదు. నేరుగా యోషినో కొండెక్కాడు. ఆరేళ్లు ఇక్కడే ఉన్నాడు.